స్లాబ్ అంచున యాంకర్ బోల్టులు: లెక్క ఎలా వేయాలి, ఎక్కడ తప్పుతుంది

రెయిలింగ్ ఊడిపోయిన చోట చూస్తే బోల్టు చాలాసార్లు చెక్కుచెదరకుండానే ఉంటుంది. ఊడేది దాన్ని పట్టుకున్న కాంక్రీటు. స్లాబ్ అంచు దగ్గర యాంకర్ (కాంక్రీటులో పాతి దేన్నైనా బిగించే బోల్టు) డిజైన్‌లో బోల్టు ఎంత లావుండాలి అన్నది చివరి ప్రశ్న. బోల్టు చుట్టూ ఎంత కాంక్రీటు ఉంది అన్నదే మొదటి ప్రశ్న. ఈ వరుస తలకిందులైతే ఎం10 (10 మి.మీ. వ్యాసం బోల్టు) చాలనప్పుడు ఎం16 వేసేస్తారు. దాంతో రంధ్రం పెద్దదవుతుంది, యాంకర్ కోరే కనీస అంచు దూరమూ పెరుగుతుంది. బలం పెంచబోయి తగ్గించినట్టవుతుంది.

ఇక్కడి లెక్కలు అమెరికా కాంక్రీటు కోడ్ ఏసీఐ 318 పదిహేడో అధ్యాయం పద్ధతిలో, మి.మీ., న్యూటన్లలో వేసినవి. యూరప్ వారి ఈఎన్ 1992-4 దారి కూడా దాదాపు ఇదే, గుణకాలు మాత్రం వేరు. రెండింటినీ కలిపి వాడకండి. ఒక పుస్తకంలోని సూత్రానికి ఇంకో పుస్తకంలోని భద్రతా గుణకం తగిలించడం ఎక్కువగా కనిపించే పొరపాటు.

1. అంచును నిజంగా కొలవండి

కావలసిన కొలతలు నాలుగు: బోల్టు మధ్య నుంచి అంచుకు దూరం, పక్క అంచుకు (మూల ఉంటే) దూరం, స్లాబ్ మందం, బోల్టుల మధ్య ఎడం. ఇవన్నీ గట్టి కాంక్రీటు నుంచే కొలవాలి. పైన 50 మి.మీ. స్క్రీడ్ (టైల్స్ కింది సిమెంటు పొర), టైల్స్ ఉంటే వాటిలో దిగిన లోతు లెక్కలోకి రాదు. 110 మి.మీ. పొడవు బోల్టు మొత్తం లోపలికి పోయిందని సంతోషిస్తాం. అందులో 60 మి.మీ. టైల్‌లో, స్క్రీడ్‌లో ఉంటే కాంక్రీటులో ఉన్నది 50 మాత్రమే. అంచు ముఖానికి పూసిన ప్లాస్టరింగ్‌కూ ఇదే సూత్రం. 20 మి.మీ. ప్లాస్టర్‌ను కాంక్రీటుగా లెక్కపెట్టి 80 మి.మీ. అంచు దూరం అనుకుంటే అసలు ఉన్నది 60. షియర్ బలం (పక్కకు తోసినప్పుడు తట్టుకునే బలం) మూడో వంతుకు పైగా పోయినట్టే.

కాంక్రీటు బలం విషయంలోనూ ఒక మెలిక ఉంది. ఈ సూత్రాల్లోకి వెళ్ళేది సిలిండర్ బలం. క్యూబ్ పరీక్షలో 25 మెగాపాస్కల్స్ వచ్చిన కాంక్రీటుకు సిలిండర్ బలం సుమారు 20. ఏ పరీక్ష ఫలితమో చూడకుండా 25 వేస్తే, వర్గమూలం వల్ల తేడా పన్నెండు శాతం దగ్గర ఆగుతుంది. అయినా ఊరికే వదులుకోవాల్సిన పన్నెండు శాతం కాదది.

స్లాబ్ పగిలిన స్థితిలో ఉందనే అనుకోండి. బాల్కనీలాంటి కాంటిలీవర్‌కు (ఒక వైపే ఆధారం ఉన్న స్లాబ్‌కు) పై ముఖమే టెన్షన్ (లాగుడు) వైపు, యాంకర్ దిగేది కూడా పైనుంచే. పగలని కాంక్రీటు గుణకం వాడాలంటే పగుళ్ళు రావని లెక్కతో చూపించాలి. కాంటిలీవర్ విషయంలో అది దాదాపు కుదరదు.

2. కోన్ గీయండి, తర్వాతే సూత్రం

షియర్ అంచు వైపు తోసినప్పుడు కాంక్రీటు సగం కోన్ (శంకువు) ఆకారంలో పెచ్చుగా ఊడుతుంది. బోల్టు నుంచి అంచుకు ఎంత దూరమో, అంచు ముఖం మీద అటూ ఇటూ దానికి 1.5 రెట్లు, కిందికి కూడా 1.5 రెట్లు. కాగితం మీద స్కేలుకు గీయండి. ఆ పెచ్చు స్లాబ్ అడుగును దాటిపోతోందా? పక్క బోల్టు పెచ్చుతో కలిసిపోతోందా? మూల దగ్గర తెగిపోతోందా? ఈ మూడు ప్రశ్నలకు బొమ్మే జవాబు చెబుతుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకె సరైనదో కాదో తేల్చేదీ ఆ బొమ్మే.

ఒక బోల్టు ప్రాథమిక షియర్ బలం ఈ రెంటిలో తక్కువది:

0.6 × (లోతు ÷ వ్యాసం)^0.2 × √వ్యాసం × √కాంక్రీటు బలం × అంచు దూరం^1.5

3.7 × √కాంక్రీటు బలం × అంచు దూరం^1.5

మొదటి దాంట్లో లోతు అంటే పాతిన లోతు, గరిష్ఠంగా వ్యాసానికి 8 రెట్లు. ఘాతాలను గమనించండి. వ్యాసానికి నికరంగా మిగిలేది 0.3, అంచు దూరానికి 1.5. వ్యాసం రెట్టింపు చేసినా బలం పావు వంతు కూడా పెరగదు. అంచు దూరం 80 నుంచి 120కి జరిపితే మాత్రం 1.84 రెట్లు అవుతుంది. 80 నుంచి 50కి తగ్గితే సగమైపోతుంది.

దీన్ని అసలు పెచ్చు వైశాల్యానికీ పూర్తి పెచ్చు వైశాల్యానికీ ఉన్న నిష్పత్తితో గుణించాలి. పూర్తి వైశాల్యం అంచు దూరం వర్గానికి 4.5 రెట్లు. మూల దగ్గరగా ఉంటే 0.7 + 0.3 × (పక్క అంచు దూరం ÷ 1.5 అంచు దూరం) అనే తగ్గింపు ఉంటుంది.

పలచని స్లాబ్‌కు ఒక ఊరట ఉంది. మందం 1.5 అంచు దూరం కంటే తక్కువైతే వైశాల్యం తెగిపోతుంది కానీ, √(1.5 అంచు దూరం ÷ మందం) అనే పెంపు గుణకం దొరుకుతుంది. 150 మి.మీ. స్లాబ్‌లో 150 మి.మీ. అంచు దూరం తీసుకుంటే నిష్పత్తి 0.667, పెంపు 1.225, వెరసి 0.816. ఈ పెంపు మరచిపోతే బోల్టును అనవసరంగా లోపలికి జరుపుతారు.

షియర్ అంచుకు సమాంతరంగా ఉంటే, లంబ దిశకు వచ్చిన బలానికి రెట్టింపు తీసుకోవచ్చు, మూల తగ్గింపు లేకుండా. కానీ మూల దగ్గర ఒక అంచుకు సమాంతరమైన షియర్ రెండో అంచుకు లంబమవుతుంది. రెండూ చూడాలి.

3. ఒక రెయిలింగ్ స్తంభం, మొదటి నుంచి చివరిదాకా

150 మి.మీ. స్లాబ్, సిలిండర్ బలం 20. స్తంభం 50 × 50 మి.మీ., స్తంభాల మధ్య 1.2 మీటర్లు. లోడు మీటరుకు 0.75 కిలోన్యూటన్లు, 1.1 మీటర్ల ఎత్తున. లోడ్ గుణకం 1.6 వేస్తే స్తంభానికి 1.44 కిలోన్యూటన్లు, అడుగున మూమెంట్ (వంచే ప్రభావం) 1.58 కిలోన్యూటన్ మీటర్లు. బేస్ ప్లేటు 150 × 150, నాలుగు ఎం10 ఎక్స్‌పాన్షన్ యాంకర్లు (రంధ్రంలో వ్యాకోచించి పట్టుకునేవి), వాటి మధ్య 100 మి.మీ., పాతిన లోతు 60. బయటి వరుస అంచుకు 80, లోపలి వరుస 180.

ముందు టెన్షన్. మూమెంట్‌ను లాగుడు పడే బోల్టు వరుసకూ, ప్లేటు రెండో వైపు నొక్కే చోటికీ మధ్య దూరంతో భాగించాలి. ప్లేటు చివరి నుంచి 10 మి.మీ. లోపల నొక్కుడు ఉందనుకుంటే ఆ దూరం 150 − 25 − 10 = 115 మి.మీ. అంటే రెండు బోల్టుల మీద కలిపి 13.8 కిలోన్యూటన్లు.

షియర్ 1.44 మాత్రమే, టెన్షన్ దానికి దాదాపు పది రెట్లు. పొడుగు స్తంభాల విషయంలో ఎప్పుడూ ఇంతే.

జనం బయటికి తోస్తే టెన్షన్ వచ్చేది లోపలి వరుసకు. లాగినప్పుడు పెచ్చు బోల్టు చుట్టూ లోతుకు 1.5 రెట్లు, అంటే 90 దాకా పోతుంది. అంచు 180 మి.మీ. దూరంలో ఉంది, కాబట్టి అంచు ప్రభావం లేదు. ప్రాథమిక టెన్షన్ బలం 7 × √20 × 60^1.5 = 14.55 కిలోన్యూటన్లు. (7 అనేది తర్వాత దింపిన యాంకర్లకు. పోత పోసేటప్పుడే పెట్టిన బోల్టులకు 10.) వైశాల్యం 280 × 180 = 50,400, పూర్తిది 9 × 60² = 32,400, నిష్పత్తి 1.556. వెరసి 22.6. భద్రతా గుణకం 0.65 వేస్తే 14.7 మిగిలింది. 13.8కి సరిపోయింది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. రెయిలింగ్‌ను లోపలికి కూడా లాగుతారు, గాలి రెండు వైపులా వీస్తుంది. అప్పుడు టెన్షన్ బయటి వరుసకు, అంటే అంచుకు 80 మి.మీ. దూరంలో ఉన్నదానికి. వైశాల్యం 280 × 170 = 47,600, నిష్పత్తి 1.469. అంచు తగ్గింపు 0.7 + 0.3 × 80 ÷ 90 = 0.967. బలం 20.7, గుణకం తర్వాత 13.4. కావలసింది 13.8. ఫెయిల్.

ఎం12కి పోవాలనిపిస్తుంది, కానీ ఈ లెక్కలో వ్యాసం ఎక్కడా లేదు. 8.8 గ్రేడ్ ఎం10 కడ్డీగా లెక్కిస్తే రెండు బోల్టుల ఉక్కు డిజైన్ బలమే దాదాపు 70 కిలోన్యూటన్లు, కాంక్రీటుకు అయిదు రెట్లు. పనిచేసే దారులు రెండు. మొదటిది, లోతు 70కి పెంచడం. బలం 14.4కు వస్తుంది, గట్టెక్కుతుంది. రెండోది, ప్లేటును అంచుకు లంబ దిశలో 180 మి.మీ. చేసి, లోపలి వరుసను 30 మి.మీ. వెనక్కి జరపడం. మధ్య దూరం 145 అవుతుంది, టెన్షన్ 10.9కి పడిపోతుంది. రెండోదే మేలు. డ్రిల్ పని పెరగదు, స్లాబ్ అడుగు వైపు కాంక్రీటు కూడా మిగులుతుంది.

షియర్ కూడా చూద్దాం. మొత్తం 1.44నూ బయటి వరుసే మోస్తుందనుకోండి. ఒక బోల్టుకు 8.69 కిలోన్యూటన్లు, వైశాల్య నిష్పత్తి 340 × 120 ÷ 28,800 = 1.417, గుణకం 0.70 తర్వాత 8.6. వాడకం (లోడు ÷ బలం) 0.17. ఒక దిశలో వాడకం 0.2 దాటకపోతే రెండో దిశకు పూర్తి బలం వాడుకోవచ్చు. దాటితే రెండు నిష్పత్తుల మొత్తం 1.2 లోపు ఉండాలి.

ఇదే ప్లేటు మూలకు వచ్చి పక్క అంచు కూడా 80 మి.మీ. అయితే షియర్ బలం 6.8కి తగ్గుతుంది, వాడకం 0.21. లోపలికి లాగినప్పటి టెన్షన్ బలం 13.0. పాత 150 ప్లేటు ఫెయిల్, 180 ప్లేటు పాస్. అందుకే మధ్య స్తంభానికి లెక్క వేసి అదే వివరాన్ని మూలకు అంటించకండి. మూల స్తంభం మీదే ముందు లెక్క వేస్తే మిగతావాటికి విడిగా వేయనక్కర్లేదు.

ప్లేటు మందం కూడా ఇందులో భాగమే. పైన అంతా ప్లేటు వంగదనుకున్నాం. నొక్కుడు వైపు స్తంభం ముఖం నుంచి 55 మి.మీ. చేయి, 10.9 కిలోన్యూటన్లు అంటే 0.6 కిలోన్యూటన్ మీటర్లు. 150 వెడల్పు, 250 మెగాపాస్కల్స్ ఉక్కుకు 10.3 మి.మీ. వస్తుంది. 12 వేయండి. 6 మి.మీ. ప్లేటు వేస్తే అది వంగి, నొక్కుడు స్థానం బోల్టుకు దగ్గరగా జరుగుతుంది. 145 అనుకున్న దూరం తగ్గిపోయి, బోల్టు మీద లాగుడు లెక్కలో లేనంతగా పెరుగుతుంది.

4. కోన్ ఒక్కటే కాదు

పుల్అవుట్, అంటే బోల్టు రంధ్రంలోంచి జారి వచ్చే బలం, సూత్రంతో రాదు. యాంకర్ తయారీదారు ఆమోద పత్రంలో పగిలిన కాంక్రీటు వరుసలో చూడాలి. చిన్న సైజుల్లో ఇది కోన్ కంటే తక్కువ ఉండటం మామూలే. పత్రంలో పగిలిన కాంక్రీటు విలువే లేకపోతే ఆ యాంకర్‌ను స్లాబ్ అంచున వాడకండి.

పోత బోల్టు లోతుగా, అంచుకు బాగా దగ్గరగా ఉంటే (లోతు అంచు దూరానికి 2.5 రెట్లు దాటితే) తల దగ్గర పక్క ముఖం పగిలి ఎగిరిపోతుంది. దీనికి విడిగా లెక్క ఉంది. 150 మి.మీ. స్లాబ్‌లో అరుదు, లోతైన బీమ్ అంచున సాధారణం. ప్రైఅవుట్ (షియర్‌కు బోల్టు తిరగబడి వెనక కాంక్రీటును పెకలించడం) మాత్రం పొట్టి బోల్టుల జబ్బు. లోతు 65 మి.మీ. లోపుంటే దాని బలం కోన్ టెన్షన్ బలమంతే, 65 ఆపైన రెట్టింపు.

కెమికల్ యాంకర్లకు (రంధ్రంలో జిగురు రసాయనంతో అతికించేవాటికి) బంధన బలం, అంటే ఆ జిగురు పట్టు, కూడా కలుస్తుంది. ఎప్పుడూ లాగుతూనే ఉండే లోడుకు బంధన బలాన్ని 0.55తో తగ్గించాలి. కాంక్రీటు వయసు కనీసం 21 రోజులు ఉండాలి.

5. కనీస దూరాలు లెక్కకు అతీతం

యాంకర్ బిగించేటప్పుడే కాంక్రీటు చీలకుండా ఉండటానికి ఈ కనీసాలు. ఉత్పత్తికి ప్రత్యేక పరీక్ష లేకపోతే అంచు దూరం టార్క్‌తో బిగిసే ఎక్స్‌పాన్షన్ రకానికి వ్యాసానికి 8 రెట్లు, సుత్తితో కొట్టి వ్యాకోచింపజేసే రకానికి 10 రెట్లు, కెమికల్, అండర్‌కట్ (రంధ్రం అడుగున వెడల్పు చేసిన చోట పట్టుకునే) రకాలకు 6 రెట్లు. బోల్టుల మధ్య 6 రెట్లు. మన ఉదాహరణలో ఎం10కి 80 సరిగ్గా సరిపోయింది. ఎం12 అయితే 96 కావాలి, అంటే అక్కడ పెట్టనే కూడదు. ఎక్స్‌పాన్షన్ యాంకర్ లోతు కూడా స్లాబ్ మందంలో మూడింట రెండు వంతులు, మందం మైనస్ 100 మి.మీ., ఈ రెంటిలో పెద్దదాన్ని దాటకూడదు. దాటితే డ్రిల్ అడుగున పెచ్చు తీస్తుంది.

అంచుకు 60 మి.మీ. కంటే వెనక్కి జరగలేని చోట నేనైతే కెమికల్ యాంకర్‌నే ఎంచుకుంటాను. అది రంధ్రం గోడలను బయటికి నెట్టదు. అంచు మీద మొదటి చీలిక తెచ్చేది లోడు కాదు, టార్క్ రెంచి.

6. చాలకపోతే ఇనుముతో ఆదుకోండి

పోత ఇంకా పోయలేదంటే అదృష్టమే. బోల్టు చుట్టూ యూ ఆకారపు హెయిర్‌పిన్ రాడ్డు పెట్టి, కాళ్ళు స్లాబ్ లోపలికి పోనివ్వండి. 8 మి.మీ. రాడ్డు రెండు కాళ్ళు, 420 మెగాపాస్కల్స్, గుణకం 0.75తో దాదాపు 31 కిలోన్యూటన్లు మోస్తాయి. కాంక్రీటు కోన్‌ను అప్పుడు లెక్క నుంచి పూర్తిగా తీసేయొచ్చు. షరతులు రెండు. రాడ్డు వంపు బోల్టుకు ఆనుకుని, పై కవర్ ఉంచి వీలైనంత పైన ఉండాలి. ఊడే పెచ్చు గీతకు రెండు వైపులా రాడ్డుకు పూర్తి పట్టు దొరకాలి. బోల్టుకు 40 మి.మీ. దూరంలో తేలుతున్న హెయిర్‌పిన్ పగులు వచ్చాకే పని మొదలెడుతుంది.

పాత స్లాబ్‌లో ఈ దారి లేదు. అక్కడ బయటి వరుస ప్లేటు రంధ్రాలను అంచుకు లంబంగా పొడవాటి స్లాట్లుగా చేస్తే షియర్ అంతా లోపలి వరుసకు పోతుంది, అంచు దూరం 80 బదులు 180 అవుతుంది. చిన్న మార్పు, పెద్ద లాభం. అయితే స్లాటులో వాషర్ గట్టిగా, మందంగా ఉండాలి.

స్లాబ్ ముఖంలోకి అడ్డంగా దింపే బ్రాకెట్లలో లోడు కిందికి ఉంటుంది. అప్పుడు అంచు అంటే స్లాబ్ అడుగు. 150 మందంలో మధ్యన పెడితే అంచు దూరం 75 మాత్రమే. కొంచెం పైకి జరిపితే కింద కాంక్రీటు పెరుగుతుంది, కానీ పై కవర్‌నూ పై ఇనుమునూ తగులుతారు.

7. డ్రిల్ పట్టే ముందు, తర్వాత

స్లాబ్ అంచున ఎప్పుడూ ఒక రాడ్డు అంచు పొడవునా పోతుంది. స్కానర్‌తో వెతికి సున్నంతో గుర్తు పెట్టండి. పోస్ట్ టెన్షన్ స్లాబ్ (లోపలి ఉక్కు తీగలను లాగి బిగించినది) అయితే టెండన్ల, అంటే ఆ తీగల, ఆంకరేజ్ (చివరి బిగింపు) అంచులోనే ఉంటుంది. స్కాన్ చేసి, స్ట్రక్చరల్ ఇంజనీర్ ఒప్పుకోనిదే రంధ్రం వేయకూడదు.

రంధ్రం తొలిచాక గాలి, బ్రష్, మళ్ళీ గాలి. తయారీదారు చెప్పిన సార్లు చెప్పిన వరుసలో. దుమ్ము మిగిలిన కెమికల్ యాంకర్ గట్టిపడుతుంది కానీ పట్టుకోదు, పైనుంచి చూస్తే తేడా తెలియదు. ప్లేటు కింద గ్రౌట్ మెత్త వేస్తే ఉక్కు షియర్ బలాన్ని 0.80తో తగ్గించండి.

డ్రాయింగ్ మీద అంచు దూరం ఒక్క అంకెగా వదలకండి. "80 కనీసం, ప్లాస్టర్ లేకుండా కాంక్రీటు ముఖం నుంచి" అని రాయండి. రాడ్డు తగిలితే రంధ్రాన్ని ఎటు జరపాలో కూడా అక్కడే చెప్పండి: అంచుకు సమాంతరంగా 20 మి.మీ. వరకు, లేదా స్లాబ్ లోపలికి. అంచు వైపు అసలు కాదు. ఆ జరుగుబాటు ప్లేటులో ఇమడాలి కాబట్టి బోల్టులు దించాక కొలిచి ప్లేటు రంధ్రాలు వేయించండి. వదిలేసిన రంధ్రాన్ని కుంచించుకుపోని గట్టి గ్రౌట్‌తో నింపాలి. ఖాళీగా ఉంచిన రంధ్రం పక్కనే కొత్త యాంకర్ పెడితే కోన్ దాన్నే దారిగా చేసుకుంటుంది.